నూటికి నూటపది చెత్త మెయిళ్లు ఆపిన కథ

నేను చేసిన ఉద్యోగం పేరు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. మా అత్తగారికి అది చివరిదాకా అర్థం కాలేదు. "మా అల్లుడు కంప్యూటర్ల కాడ వాచ్‌మన్" అని చుట్టాలకు చెప్పేది. మొదట్లో నాకు కోపం వచ్చేది. రిటైరయ్యాక తీరిగ్గా ఆలోచిస్తే, నా పని గురించి అంత సరిగ్గా మా కంపెనీలో కూడా ఎవరూ చెప్పలేదనిపిస్తున్నది.

కంపెనీ పేరు చెప్పను. పామాయిల్ గెలలు నలిపి నూనె తీసే కంపెనీ. ఫ్యాక్టరీ అశ్వారావుపేట అవతల అడవి అంచున, ఆఫీసు ఖమ్మంలో, ఎండీ గారు హైదరాబాద్‌లో. రెండువేల దశకం మధ్యలో సంగతి ఇది. ఖమ్మం ఆఫీసులో ఒక ఇరుకు గది, అందులో నీళ్లు కారే ఏసీ, దాని కింద తడవకుండా ప్లాస్టిక్ కవరు కప్పుకున్న మెయిల్ సర్వరు. నేను దాని వాచ్‌మన్‌ని.

పని ఏమిటంటే

ఆ రోజుల్లో చెత్త మెయిళ్లు వానాకాలం పురుగుల్లా వచ్చిపడేవి. లాటరీ తగిలిందని ఒకటి, బట్టతలకు మందని ఇంకొకటి, ఎవరో రాజుగారి భార్య తన ఆస్తిలో మనకు వాటా ఇస్తానని మరొకటి. వాటిని ఆపడానికి ఫిల్టర్ అనే ప్రోగ్రాం ఉండేది. అది ప్రతి మెయిల్‌నూ వాసన చూసి, మంచిదైతే లోపలికి వదిలేది, చెడ్డదనిపిస్తే ఒక పక్కన బందెలదొడ్డిలో కట్టేసేది. ఏం చేసిందో ఒక్కో లైను చొప్పున లాగ్ ఫైల్లో రాసుకునేది. ఆ లాగ్‌ను చదివి, ఎన్ని మెయిళ్లు వచ్చాయి, ఎన్ని ఆగాయి, నూటికి ఎంత అని లెక్క తీసే స్క్రిప్టు ఒకటి ఉండేది. ఆ లెక్క కాగితం పొద్దున్నే చాయ్ కంటే ముందు జీఎం గారి బల్ల మీద ఉండాలి.

జీఎం గారు చెడ్డవారని నేను అనను. మనిషి ఇస్త్రీ చొక్కాలాంటివాడు, మడత నలగకుండా చూసుకోవడమే ఆయన జీవితాశయం. కాగితంలో ఆయన చదివేది అడుగున ఉన్న శాతం ఒక్కటే. హైదరాబాద్ ఆఫీసు కంటే మన శాతం ఎక్కువుంటే ఆ పూట అందరికీ బిస్కెట్లు. తక్కువుంటే నాకు అక్షింతలు. ఆడిట్‌కు ఎవరైనా వస్తే, ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి చూపించి, వాళ్లు పేజీ తిప్పేలోపు జీపు ఎక్కించి భద్రాచలం దర్శనానికి, అట్నుంచి పర్ణశాలకు పంపేవారు. సాయంత్రం ప్రసాదంతో తిరిగొచ్చినవాళ్లు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేవాళ్లు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పేదేమిటంటే, ఫిల్టర్ ఎట్లా బిగించాలో పుస్తకాల్లో ఉంటుంది. శాతం చూసి మురిసిపోయే పెద్దమనిషి కింద ఎట్లా పనిచేయాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. నాకు తెలిసిన కాస్త అదే.

దొంగల జీతాల వారం

స్క్రిప్టు నేను రాసింది కాదు. హైదరాబాద్ నుంచి ఒక కాంట్రాక్టు నిపుణుడు వచ్చాడు. నెల మధ్యలో వచ్చి, రాసి, ఒకసారి నడిపి చూపించి, బిర్యానీ తిని వెళ్లిపోయాడు. నెలాఖరు దాకా బాగానే నడిచింది. కొత్త నెల ఒకటో తారీఖున రిపోర్టులో చెత్త సున్నా అని వచ్చింది, శాతం గడి ఖాళీ. రెండో తారీఖున కూడా సున్నా. తొమ్మిదో తారీఖు దాకా అదే వరస. పదో తారీఖున మళ్లీ వందల్లో చెత్త.

నేను లాగ్ తెరిచి తంటాలు పడుతుంటే జీఎం గారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి ఒక సిద్ధాంతం తయారుచేశారు.

"చూడు వెంకటేశ్వర్లు, నెల మొదట్లో అందరికీ జీతాలొస్తాయి. చేతిలో డబ్బులున్నప్పుడు దొంగైనా ఎందుకు దొంగతనం చేస్తాడు? పదో తారీఖుకల్లా ఖర్చయిపోతాయి. మళ్లీ మొదలుపెడతాడు."

"దొంగలకు జీతాలెవరిస్తరు సార్?" అన్నాను.

"నీకు మేనేజ్‌మెంట్ తెలియదయ్యా" అన్నారు.

ఈ సిద్ధాంతాన్ని ఆయన హైదరాబాద్ మీటింగులో రంగురంగుల గ్రాఫుతో చెప్పారు. చప్పట్లు కూడా కొట్టారట. అసలు సంగతి చాలా చిన్నది. లాగ్‌లో తారీఖు ఒక్క అంకె అయితే దాని ముందు ఒక ఖాళీ ఎక్కువ పడుతుంది. నిపుణుడు రాసిన స్క్రిప్టు ఒక్క ఖాళీ ఉన్న తారీఖునే వెతుకుతుంది. దొరక్క సున్నా చూపిస్తుంది. పది నుంచి రెండంకెలు కాబట్టి దొరుకుతుంది. నేను సరిచేశాను. మరుసటి నెల ఒకటో తారీఖు నుంచే చెత్త లెక్కలోకి వచ్చింది. జీఎం గారు నన్ను పిలిచి, "నువ్వు వేలు పెట్టినప్పటినుంచే ఇవి మొదలయ్యాయి" అన్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అని ఊరుకున్నాను.

లెక్క బాగా వచ్చిందంటే ముందు దాన్నే అనుమానించాలి. చెడ్డ లెక్కను ఎవరైనా నాలుగుసార్లు చూస్తారు. మంచి లెక్కను ఎవరూ చూడరు, బిస్కెట్లు తెప్పిస్తారు.

వంద దాటిన రోజు

హైదరాబాద్ వాళ్ల శాతాన్ని దాటాలని జీఎం గారికి పట్టుదల పెరిగింది. ఒకరోజు నా గదిలోకి వచ్చి, ఏసీ నీళ్లు చొక్కా మీద పడకుండా గుమ్మంలోనే నిలబడి కొత్త రూలు చెప్పారు. పదిమంది కంటే ఎక్కువమందికి ఒకేసారి వచ్చే మెయిల్ ఏదైనా చెత్తగా లెక్కగట్టి ఆపెయ్యాలి.

"ఒక్కడే పదిమందికి రాస్తున్నాడంటే వాడికి పనేం ఉంటుందయ్యా?" అన్నారు.

"మీ సర్క్యులర్లు ఆఫీసు మొత్తానికి పోతయి గద సార్."

"నావి వదిలెయ్."

పెట్టాను. అదే నెలలో ఇంకో ముచ్చట జరిగింది. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు సర్కారు సేకరించి ఇచ్చిన భూమిలో చుట్టుపక్కల ఊళ్లవాళ్ల పొలాలు పోయాయి. భూమి పోయిన ఇళ్లకు ఉద్యోగాలిస్తామని అప్పుడే మాటిచ్చారు. ఇన్నేళ్లకు ల్యాబులో కొన్ని పోస్టులు పడ్డాయి. నూనె నాణ్యత పరీక్షించే పని, నీడపట్టున కూర్చుని చేసే పని, నెల జీతం. జీఎం గారికి ఆధునికత మీద మోజు కాబట్టి దరఖాస్తులు మెయిల్లోనే పంపాలన్నారు. కంప్యూటర్ ముఖం చూడాలంటే ఆటో ఎక్కి, బస్సెక్కి రావలసిన ఊళ్లకు ఈ నిబంధన. నోటీసు ఫ్యాక్టరీ గేటుకు అంటించారు. అడుగున ఎండీ గారి నుంచి స్టోర్ కీపర్ దాకా అందరి మెయిల్ అడ్రసులూ వరసగా వేశారు, కంపెనీ ఎంత ఆధునికమో తెలియాలని.

గడువు ముగిశాక ఆఫీసులో మీటింగు. జీఎం గారు రెండు సంగతులు ప్రకటించారు. ఒకటి, లోకల్ వాళ్లు ఒక్కరు కూడా దరఖాస్తు పెట్టలేదు, వాళ్లకు ఆసక్తి లేదు, ఎండీ గారికి ఆ మాటే చెప్పాను, సోమవారం బయటివాళ్లతో పోస్టులు నింపేస్తాం. రెండు, చెత్త మెయిళ్లు ఆపడంలో మన ఆఫీసు ఈ నెల నూటికి నూటపది సాధించింది.

బిస్కెట్లు వచ్చాయి. నూటికి నూటపది ఎట్లా ఆపుతారని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. వంద గెలలు తూకానికొస్తే నూటపది కుళ్లిపోయాయని చెబితే ఆ గదిలోనే నవ్వుతారు. కంప్యూటర్ చెప్పింది కాబట్టి చప్పట్లు కొట్టారు.

నేను బిస్కెట్ చేతిలో పట్టుకునే నా గదికి పోయి లాగ్ తెరిచాను. తప్పు తొందరగానే దొరికింది. వచ్చిన మెయిళ్లను స్క్రిప్టు ఉత్తరాల లెక్కన ఎంచుతున్నది. ఆగిన మెయిళ్లను మాత్రం మనుషుల లెక్కన ఎంచుతున్నది. ఒకే మెయిల్ ఇరవైమందికి వస్తే, వచ్చింది ఒకటి, ఆగింది ఇరవై. పెళ్లికి వచ్చిన బండ్లను లెక్కపెట్టి, లేచిన విస్తళ్లతో పోల్చినట్టు. కాని ఈ తప్పు స్క్రిప్టులో మొదటినుంచీ ఉంది. ఇన్నాళ్లూ బయటపడలేదంటే, ఒకేసారి అంతమందికి పంపేవాడు కొత్తగా ఎవడో తగులుకున్నాడన్నమాట. ఎవడా అని చూస్తే, ఎక్కువగా ఆగిన మెయిళ్లన్నీ ఒక్క అడ్రసు నుంచే. అశ్వారావుపేటలో ఒక ఇంటర్నెట్ సెంటరు.

బందెలదొడ్డిలోంచి ఒక మెయిల్ తెరిచాను. "గౌరవనీయులైన ఎండీ గారికి, జీఎం గారికి" అని మొదలై, నోటీసు మీదున్న పేర్లన్నిటికీ నమస్కారాలు చెప్పి, అసలు సంగతికి వచ్చింది. ల్యాబు ఉద్యోగానికి దరఖాస్తు. ఇంకొకటి తెరిచాను. అదే దరఖాస్తు, పేరు వేరు. తరువాతది కూడా అంతే. చేతిలో బిస్కెట్ తినబుద్ధి కాలేదు.

యాకూబ్ భాయ్ సెంటరు

ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ చూసే పని ఎలాగూ ఉంది. మర్నాడే బస్సెక్కాను. సెంటరు బస్టాండుకు దగ్గర్లోనే, జిరాక్సు మిషను, రెండు కంప్యూటర్లు, గోడకు గడియారం. యజమాని యాకూబ్ భాయ్. వాళ్ల నాన్న హయాంలో అది దర్జీ దుకాణం, ఈయన హయాంలో అర్జీల దుకాణం. నేను ఫలానా అని చెప్పగానే కుర్చీ తుడిచి వేశాడు.

"గింతమందికి ఎందుకు పంపినవ్ భాయ్?" అని అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఏంది సారు గట్ల అంటవ్. అర్జీ అన్నంక అందరికీ కాపీ పెట్టాలె గద. ఎమ్మార్వోకు పెడితే ఆర్డీవోకు కాపీ, కలెక్టర్‌కు కాపీ, ఎమ్మెల్యేకు కాపీ. ఒక్కరికే ఇస్తే బుట్టల పడేస్తరు. పదిమందికిస్తే ఒకరికొకరు భయపడి ఒకరన్నా చూస్తరు. మా అబ్బాజాన్ కాలం నుంచి ఈడ గదే పద్ధతి."

"అందరియి నీ మెయిల్ నుంచే పంపినవా?"

"అవ్. వాళ్లకు మెయిలేడిది? నాది ఒక్కటే ఉన్నది. మ్యాటర్ ఒక్కటే కొట్టిన, పేరు మార్చుకుంట పోయిన. జవాబు రాలేదని వారానికోసారి మళ్ల పంపిన. పైసలు కూడ తీసుకోలే సారు, మళ్ల పంపినందుకు."

ఒకే అడ్రసు, ఒకే ఉత్తరం, ఒకేసారి ఇరవైమందికి, వారం వారం. ఫిల్టర్‌కు చెత్త అనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి. జీఎం గారి రూలు లేకున్నా అనుమానించేదే, రూలు ఉండేసరికి ఒక్కటీ తప్పించుకోలేదు. ఈ తాలూకాలో తరతరాలుగా అర్జీ పెట్టే పద్ధతి ఏదో, మా కంప్యూటర్ భాషలో దొంగ మెయిల్ పంపే పద్ధతి కూడా అదే.

అప్పటిదాకా మూల స్టూలు మీద కూర్చున్న అమ్మాయి లేచి వచ్చింది. సమ్మక్క అని యాకూబ్ భాయ్ చెప్పాడు. కెమిస్ట్రీతో బీఎస్సీ చదివింది. వాళ్ల పొలం మీదే ఇప్పుడు ఫ్యాక్టరీ బాయిలరు ఉంది. తండ్రి ముత్తయ్య ఆ ఫ్యాక్టరీలోనే గెలలు దించే కూలి. ఇంకే పనీ లేక ఈమె అడవిలో తునికాకు కోతకు పోతున్నది.

"మా అర్జీలు అందినయా సార్?" అంది.

"అందినయమ్మా."

"మరి జవాబు?"

ఏం చెప్పాలి? మీ అర్జీలను మేము రోజూ పొద్దున్నే లెక్కపెట్టుకుని బిస్కెట్లు తింటున్నామని చెప్పాలా? "సోమవారం తెలుస్తది" అని బయటపడ్డాను. నాకు సిగ్గేసింది. ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ పని ఎట్లా చేశానో కూడా గుర్తులేదు.

చెప్పింది చేశాను

శనివారం పొద్దున్నే జీఎం గారి గదిలో నిలబడ్డాను. సంగతంతా చెప్పాను. దరఖాస్తులు వచ్చాయి, మన ఫిల్టరే ఆపింది, శాతం తప్పు, సోమవారం వాళ్లను కూడా పిలవాలి.

ఆయన నిదానంగా విన్నారు. "ఫిల్టర్ చెత్త అంది కదా?" అన్నారు.

"అన్నది సార్, కాని..."

"లక్షలు పోసి కొన్నాం దాన్ని. నీకంటే దానికి తక్కువ తెలుసా? ఎవరూ అప్లై చెయ్యలేదని ఎండీ గారికి చెప్పేశాను. ఇప్పుడు చేశారంటే నేనేమవుతాను?"

"మరి వాళ్లేమైతరు సార్?"

ఆ ప్రశ్న ఆయనకు వినపడలేదు. ఆయనను పట్టుకున్న దిగులు వేరే ఉంది. నూటికి నూటపది ఏమిటని హైదరాబాద్‌లో ఎవరో నవ్వారట. అక్కడ కూడా లెక్కలు వచ్చినవాడు ఒకడున్నాడన్నమాట.

"నువ్వొక పని చెయ్యి. ఆ శాతం వంద దాటకుండా చూడు. ఎట్లా చేస్తావో నాకు తెలియదు, సాయంత్రానికి కిందికి రావాలి" అన్నారు.

"వంద దాటకుండ చూడాలె. అంతేనా సార్?"

"అంతే."

శాతాన్ని వంద దగ్గర ఆపడానికి రెండు దారులున్నాయి. స్క్రిప్టులో ఒక లైను రాసి, ఎంత వచ్చినా వందే చూపించమని చెప్పడం ఒకటి. చాలా ఆఫీసుల్లో చేసేది అదే, ఆయన ఆశించిందీ అదే. రెండోది, తప్పుగా ఆపిన మెయిళ్లను బందెలదొడ్డిలోంచి వదిలిపెట్టడం. వదిలినవి ఆగినవాటి లెక్కలోంచి తీసివేయబడతాయి, శాతం దానంతటదే దిగుతుంది. ఏ దారిలో పోవాలో ఆయన చెప్పలేదు. నేను సీటుకు వచ్చి, ఆ సెంటరు నుంచి వచ్చిన మెయిళ్లన్నీ ఎంచి, ఒకేసారి వదిలేశాను. ప్రతిదీ ఎవరెవరికి రాశారో వాళ్లందరికీ పోయింది. స్టోర్ కీపర్‌కూ పోయింది, ఎండీ గారికీ పోయింది. సాయంత్రానికి శాతం కిందికి వచ్చింది. కాగితం ఆయన బల్ల మీద పెట్టాను. చూసి, "ఇప్పుడు బాగుంది" అన్నారు.

సోమవారం ఆఫీసు తెరవకముందే ఫోను మోగింది. జీఎం గారు నన్ను కూడా గదిలోకి పిలిచి స్పీకర్ పెట్టారు, తిట్లు పంచుకోవడానికి మనిషి కావాలి కదా.

"ఎవరూ అప్లై చెయ్యలేదన్నావు. నా ఇన్‌బాక్స్ నిండా ఉన్న వీళ్లంతా ఎవరు?" అన్నారు ఎండీ గారు.

"సర్, ఏదో సిస్టమ్ లోపం. మా వెంకటేశ్వర్లు సరిచేశాడు" అన్నారు జీఎం గారు. అంత వేగంగా ఆలోచించగలరని నాకు అంతవరకు తెలియదు.

"అందరినీ పిలువు" అని ఎండీ గారు పెట్టేశారు.

ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూలు ఫ్యాక్టరీలోనే పెట్టారు. కంప్యూటర్ పరీక్ష పెట్టే పని నాది, అందుకే గదిలో ఉన్నాను. సమ్మక్క ఉతికిన చీర కట్టుకుని, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చింది. ల్యాబు ఇన్‌చార్జి కెమిస్ట్రీలో అడిగినవాటికి తడుముకోకుండా చెప్పింది. ఆయన తలూపాడు. ఇక పిల్లను పంపేస్తే సరిపోయేది. జీఎం గారికి మనసు ఊరుకోలేదు.

"సబ్జెక్టు సరే. ఒక్క ఉద్యోగానికి ఇన్నిసార్లు, ఇంతమందికి రాస్తారా అమ్మా? పద్ధతి తెలియదా? ఒక్కసారి అడిగితే చాలదా?" అన్నారు.

కిటికీలోంచి బాయిలరు గొట్టం కనబడుతున్నది. సమ్మక్క అటు చూసి, ఆయన వైపు తిరిగింది.

"భూమి మీరు ఒక్కసారే అడిగిన్రు సార్. ఒక్కసారికే ఇచ్చినం."

గొంతు పెంచలేదు. కొట్లాటకు వచ్చినట్టు కూడా లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. ల్యాబు ఇన్‌చార్జి తలవంచుకుని కాగితం మీద మార్కులు వేశాడు. జీఎం గారు నీళ్ల గ్లాసు అందుకున్నారు. నాకు కళ్లు తడిశాయి. తుడుచుకుంటే కనబడుతుందని కంప్యూటర్ తెర వెనక్కి జరిగాను.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఆమెతోపాటు ఆ ఊళ్లవాళ్లలో ఇంకొందరికి వచ్చింది. నేను పది మందికి మించిన మెయిళ్ల రూలు తీసేశాను, స్క్రిప్టులో ఉత్తరాలను ఉత్తరాలతోనే పోల్చేటట్టు సరిచేశాను. శాతం ఎంత ఉండాలో అంతకు వచ్చి కూర్చుంది.

నెలాఖరు మీటింగులో జీఎం గారు గోడ మీద గ్రాఫు వేయించారు. గీత కొండ దిగినట్టు దిగింది. హైదరాబాద్ ఆఫీసు మనకంటే పైన ఉంది. బిస్కెట్లు రాలేదు. ఆయన కర్రతో ఆ గీత మీద కొట్టి, అందరి ముందు నన్ను లేపారు.

"ఎందుకు పడిపోయింది? ఈ నెల ఏం తప్పు జరిగింది?"

"సమ్మక్కోళ్లకు ఉద్యోగాలిచ్చినం సార్" అన్నాను.

ఆయన స్లైడు మార్చమన్నారు.